సరిహద్దు దాటే బండి – హామీ సంతకం



శాలిబండ సందులో ఉండే నేను విదేశయానం గురించి మాట్లాడటం వింతే. మా మనుమరాలు మోటారు సైకిలుపై దేశాలు తిరుగుతానంటూ నా ఫిక్సెడ్ డిపాజిట్ హామీగా అడిగింది. ట్రెజరీలో ముప్పై ఏళ్ళు బిల్లులు చూసినవాణ్ణి కదా, ముందు కాగితాలు తెమ్మన్నాను.

కొన్ని దేశాలు కార్నే అనే పుస్తకం అడుగుతాయి. అది బండికి పాస్‌పోర్టు వంటిది, గడువు ఏడాది. ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. అది ఉంటే సుంకం కట్టనక్కరలేదు. కాని బండి ఆ దేశం విడిచినట్టు ముద్ర లేకపోతే సుంకం హామీ సొమ్ములోంచే పోతుంది! ప్రవేశానికొకటి, నిష్క్రమణకొకటి, రెండు ముద్రలూ పడ్డాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోవాలి. మందులకని దాచుకున్న డబ్బు మరి. అందుకే ముందు నేపాల్ వెళ్ళి రమ్మన్నాను. అక్కడ కార్నే అక్కరలేదు, రోజుల లెక్కన భన్సార్ రుసుము కడితే చాలు. బీమాను మాత్రం నేపాల్‌కు పొడిగించుకోవాలి.

2018లో మన హైదరాబాదు జయభారతి గారు మరో ముగ్గురు మహిళలతో మోటారు సైకిళ్ళపై మయన్మార్ మీదుగా వియత్నాం దాకా వెళ్ళారు. మనదేశంతో కలిపి ఆరు దేశాలు, సుమారు 17 వేల కిలోమీటర్లు! 2021లో మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఆ దారిని నమ్ముకోవడానికి లేదు.

బండి మీ పేర ఉంటే పిల్లలకు అధికారపత్రం రాసివ్వండి. అప్పు మిగిలివుంటే ఫైనాన్సు వారి నిరభ్యంతర పత్రం కూడా తీసుకోండి.