ఇంగ్లీషు మాటలు – దేశభేదములు



తెలియని మాట పాఠకుని నిఘంటువు కడకు నడిపించును. కావున దానివలన భయము లేదు. తెలిసినదని తోచిన మాటయే మోసగించును. ఇంగ్లండున పెరిగిన భాష స్కాట్లండు, ఐర్లండు, అమెరికాలకు వ్యాపించి ఒక్కొక్కచోట ఒక్కొక్క నడక నేర్చినది. వ్రాత మాఱలేదు, అర్థము మాఱినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండు సేనాధికారులు ఒక పత్రమును 'టేబిల్' చేయవలెనని అమెరికా సేనాధికారులను కోరిరి. ఇంగ్లండున ఆ మాటకు చర్చకు పెట్టుట యని అర్థము. అమెరికాలో చర్చింపక ప్రక్కన పెట్టుట యని అర్థము. పత్రమును గూర్చి ఇరుపక్షములకును ఏకాభిప్రాయమే. ఐనను అర్థభేదము బయటపడువఱకు చాలసేపు కటువుగా వాదులాడుకొనిరి. 1950లో వెలువడిన తన యుద్ధచరిత్ర సంపుటమున చర్చిలే దీనిని వ్రాసెను. శత్రువు వాకిట నిలిచియుండగా మిత్రులకు ఒక్క మాట అడ్డుపడినది.

ఇది సేనానుల సంగతి. అమెరికాలోని కుమారుడు 'ఫస్ట్ ఫ్లోర్'లో ఇల్లు దొరకినదని వ్రాసినచో, మెట్లెక్కలేని తల్లి దిగులుపడనక్కఱలేదు. ఇంగ్లండునను మన దేశమునను అది మేడమీది అంతస్తు. అమెరికాలో సాధారణముగా నేలమీది అంతస్తే.

రైతులకు 'కార్న్' అను మాట రుచించును. ధాన్యమనగానే కృష్ణా గోదావరీ మండలములలో వడ్లు స్ఫురించునట్లు, ఏ సీమలో ఏ పంట ప్రధానమో ఆ పంటకే ఈ పేరు చెల్లినది: ఇంగ్లండున గోధుమ, స్కాట్లండున ఓట్సు, అమెరికాలో మొక్కజొన్న. 1815లో బ్రిటిషు పార్లమెంటు చేసి 1846లో రద్దుచేసిన 'కార్న్' చట్టములను విద్యార్థి మొక్కజొన్న చట్టములని వ్రాసినచో, ఇంగ్లండు బీదవాని గోధుమరొట్టె ధర యెందుకు పెరిగినదో వానికి బోధపడదు.

లెక్కలలో ప్రమాదము మఱింత పెద్దది. అమెరికాలో 'బిలియన్' అనగా 100 కోట్లు. ఇంగ్లండున పూర్వము లక్ష కోట్లు. 1974లో ప్రధానమంత్రి హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వపు లెక్కలలో 100 కోట్ల అర్థమునే వాడుదుమని పార్లమెంటున తెలిపెను. కావున గ్రంథాలయములోని పాత ఇంగ్లీషు పుస్తకమున ఈ మాట కనబడినపుడు, ముందు అది ఏ దేశమున ఏ సంవత్సరమున అచ్చయినదో చూడవలెను. వేయిరెట్ల తేడా చిల్లరతేడా కాదు గదా!

ఇక వ్యాకరణము. 'గవర్నమెంట్', 'టీమ్' వంటి సమూహవాచకములకు ఇంగ్లండువారు బహువచన క్రియ నైనను చేర్తురు; అమెరికావారు ఏకవచనమునే మెత్తురు. ఐర్లండువాడు 'ఐ యామ్ ఆఫ్టర్ ఈటింగ్' అన్నచో ఇప్పుడే తింటినని అర్థము. ఇంగ్లండువాడు అది విని, వీడింకను తిండి వెదకుచున్నాడని తలచి పళ్లెము పెట్టవచ్చును! ఐరిషు భాషలో ఇట్టి చోట 'తరువాత' అను అర్థముగల మాట వచ్చును. దానినే వారు ఇంగ్లీషున నిలిపిరి. దీనిని తప్పనుట పండితుల తొందరపాటు. తల్లిభాష యెముక, పరభాష చర్మము.

మనవారి 'ఐ యామ్ హావింగ్ టూ సన్స్' అను వాక్యమును ఇంగ్లండువారు చదివినచో, ఇద్దఱు కొడుకులు పుట్టబోవుచున్నారని భ్రమపడవచ్చును. ఉద్యోగపు అర్జీలో అది 'ఐ హావ్' అనియే యుండవలెను. 'పోస్ట్‌పోన్'కు ఎదురుగా మన దేశమున వాడుకలోనికి వచ్చిన 'ప్రీపోన్' మాత్రము చక్కని మాట. ఆక్స్‌ఫర్డు నిఘంటువు దానిని చేర్చుకొన్నది. ఇచ్చటి కచేరీకి వ్రాయు ఉత్తరమున దానిని నిస్సంకోచముగా వాడవచ్చును. విదేశమునకు వ్రాయు ఉత్తరమున మాత్రము ఏ తేదీనుండి ఏ తేదీకి ముందుకు జరిపిరో విడమరచి వ్రాయుట మేలు.