గొంతులో గరగర.. మిర్చి ఘాటా, ఎసిడిటీనా?

ఈరోజు టాపిక్ మా మేనమామ గొంతు.

మామయ్యకి చర్ల దగ్గర మిరప తోట ఉంది. కోతలప్పుడు, ఖమ్మం యార్డుకి బస్తాలు తీసుకెళ్లినప్పుడు ఆ ఘాటుకి ఎవరికైనా గొంతు మండుద్ది. అందుకే గొంతు గరగరమంటుంటే "మిర్చి ఘాటురా అల్లుడూ" అని కొట్టిపారేశాడు. కానీ కోతలైపోయి నెల దాటినా గరగర పోలేదు. నాకు డౌటొచ్చింది అక్కడే.

"ఛాతీలో మంటే లేదు, గ్యాస్ ఎట్లా అవుద్ది?" అన్నాడు. చాలామంది ఇక్కడే పొరబడతారు. కడుపుకి, అన్నవాహికకి మధ్య వాల్వ్ లాంటి కండరం ఉంటుంది. అది లూజైతే యాసిడ్, పెప్సిన్ అనే ఎంజైమ్ గొంతు దాకా వస్తాయి. అన్నవాహిక కొంత తట్టుకుంటుంది, గొంతు పొర అంత తట్టుకోదు. అందుకే మంట లేకుండానే పొద్దున్నే బొంగురు, ఏదో అడ్డం పడ్డట్టు ఉండటం, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం.

మామయ్యేమో పుదీనా బిళ్లలు చప్పరిస్తున్నాడు. చల్లగానే ఉంటుంది గానీ, పుదీనా ఆ వాల్వ్‌ని ఇంకా లూజు చేయొచ్చు. రాత్రి తొమ్మిదిన్నరకి తిని, వెంటనే మంచమెక్కేవాడు.

ఇప్పుడు ఏడింటికే తింటున్నాడు, పడుకునేసరికి మూడు గంటల గ్యాప్. అత్తయ్య మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టింది, ఆరంగుళాల ఎత్తు. దిండ్లు పెంచితే పని జరగదు, నడుం మడతపడి పొట్ట నొక్కుకుంటుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే ఇంకా మంచిది.

గొంతు హాయికి గోరువెచ్చని నీళ్లు, చెంచాడు అడవి తేనె. మా భద్రాచలం వైపు దానికి కొదవ లేదు కదా! అందులో నిమ్మకాయ మాత్రం పిండకండి. షుగర్ ఉన్నోళ్లు చూసుకోవాలి, ఏడాదిలోపు పిల్లలకి తేనె అసలు వద్దు. వంటసోడా రోజూ తాగకండి, బీపీ ఉన్నోళ్లకి అందులో సోడియం ఇబ్బంది.

అసలు భయం వేరే. మామయ్య చుట్ట తాగుతాడు. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాల్సిందే, క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. మింగడం కష్టమైనా, రక్తం పడినా, బరువు తగ్గినా ఆగొద్దు. ఛాతీ నొప్పి చేతికి పాకితే గ్యాస్ అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

ఖమ్మం తీసుకెళ్లాను. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూశారు. ఆ పది నిమిషాలు అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. వాపు ఉంది, గడ్డ లేదన్నారు. టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోమని మాత్ర రాశారు. ఈయన తిన్నాక వేసుకుంటుంటే మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

గొంతు ఇంకా పూర్తిగా తగ్గలేదు, దానికి వారాలు పడుతుంది. చుట్టలు రోజుకి రెండుకి వచ్చాయి. అత్తయ్య లెక్కపెడుతోంది.