మూడేళ్ళ ఫార్మ్‌డీలో చేరే ముందు

బీఫార్మసీ పూర్తిచేసిన మీ అందరికీ మనసారా అభినందనలు.

ఈ మధ్య మీలో చాలామంది ఇళ్ళలో ఒకటే చర్చ. అమెరికాలో ఫార్మసిస్టు కావడానికి చదివే నాలుగేళ్ళ ఫార్మ్‌డీని మూడేళ్ళలోనే పూర్తిచేయించే కళాశాలలున్నాయి కదా, వాటిలో చేరదామా అని. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. ఫార్మాస్యూటికల్ సైన్సెస్‌లో ఎంఎస్ చేస్తే అక్కడ పరిశోధనలోకో, పరిశ్రమలోకో వెళ్ళవచ్చు. ఫార్మసిస్టు లైసెన్సుకు మాత్రం ఆ డిగ్రీ దారి కాదు. పోనీ ఇక్కడి డిగ్రీతోనే విదేశీ ఫార్మసిస్టుల అర్హత పరీక్ష రాద్దామంటే, 2003 జనవరి 1 నుంచి పట్టా పొందినవాళ్ళకు కనీసం ఐదేళ్ళ ఫార్మసీ చదువు ఉండాలన్నారు. మన బీఫార్మసీ నాలుగేళ్ళే. మన దేశంలో 2008లో వచ్చిన ఆరేళ్ళ ఫార్మ్‌డీ చదివినవాళ్ళకు ఆ అడ్డంకి లేదు. అందుకే మీ చూపు అక్కడి మూడేళ్ళ కోర్సుల మీద పడింది. అందులో తప్పేమీ లేదు.

కాలిఫోర్నియాలో స్టాక్టన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ద పసిఫిక్, నెవాడా, యూటాల్లోని రోస్‌మన్ విశ్వవిద్యాలయం ఇలాంటి కోర్సులకు పేరున్నవి. రోస్‌మన్‌లో ఒకసారికి ఒకే సబ్జెక్టు చెబుతారు, పరీక్షలో 90 శాతం తెచ్చుకుంటేనే పాసు. ఏడాది తగ్గింది కాబట్టి చదువూ తగ్గుతుందని అనుకోకండి. మొదటి సంవత్సరాల్లో 300 గంటల శిక్షణ, చివర్లో ఆసుపత్రుల్లో, మందుల షాపుల్లో కనీసం 1440 గంటలు అన్న నిబంధన మూడేళ్ళవాళ్ళకూ నాలుగేళ్ళవాళ్ళకూ ఒకటే. తగ్గేవి సెలవులు. నాలుగేళ్ళ విద్యార్థి వేసవిలో ఇంటర్న్‌గా పనిచేస్తాడు, అర్థంకాని పాఠం తిరగేస్తాడు, కంటినిండా నిద్రపోతాడు. మూడేళ్ళ విద్యార్థికి ఆ వేసవి ఉండదు. మినప్పప్పు సరిగా నానకుండా రుబ్బితే గారె గట్టిగానే వస్తుంది. చదువుకూ అలా నానే కాలం కావాలి.

ఎందుకో తెలియాలంటే మెథోట్రెక్సేట్ అనే మందు సంగతే చూడండి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చిందది. కీళ్ళవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వాడాలి. చీటీలో పొరపాటున రోజూ అని పడితే ఎముక మజ్జ దెబ్బతింటుంది. అలా ప్రాణాలు పోయిన సందర్భాలు ఎన్నో నమోదయ్యాయి. కౌంటరు ముందు పదిమంది నిలబడి ఉంటారు, ఫోను మోగుతూ ఉంటుంది, అప్పుడు ఆ ‘రోజూ’ దగ్గర మీ కన్ను ఆగాలి. పరీక్ష ముందురోజు రాత్రి చదివిన చదువు ఆ కన్నును ఆపలేదు. మరిచిపోయి, మళ్ళీ గుర్తుచేసుకుని, మరోసారి తిరగేసిన చదువే ఆపుతుంది.

ఇక్కడ మీకొక బలముంది. అక్కడి పిల్లల్లో చాలామంది ఫార్మకాలజీని మొదటిసారి ఫార్మ్‌డీలోనే చదువుతారు. మీకది రెండోసారి. ఆ పునాది గట్టిదని మీ మనస్సాక్షికి తెలిస్తే మూడేళ్ళ కోర్సుకు ధైర్యంగా వెళ్ళండి. సప్లీలతో గట్టెక్కినవాళ్ళకు మాత్రం నేను ప్రేమతోనే వద్దంటాను. నాలుగేళ్ళ కోర్సు ఎంచుకోండి. లేదా ఇక్కడే మూడేళ్ళ పోస్ట్ బాకలారియేట్ ఫార్మ్‌డీ చేయండి, వార్డుల్లో రోగుల మధ్య తిరగండి. వయసు మించిపోయేదేమీ లేదు.

సీటు వచ్చింది కాబట్టి సిద్ధంగా ఉన్నామనుకోవద్దు. గడిచిన ఇరవై ఏళ్ళలో అక్కడ ఫార్మసీ కళాశాలలు బాగా పెరిగాయి, దరఖాస్తులు తగ్గాయి. కాబట్టి సీటు దొరకడం ఒకప్పటంత కష్టం కాదు. చేరే ముందు కళాశాలను పరిశీలించండి. అక్కడ లైసెన్సు కోసం రాసే నాప్లెక్స్ పరీక్షలో మొదటి ప్రయత్నంలో ఎంతమంది పాసయ్యారో కళాశాలవారీగా ప్రకటిస్తారు. ఒక్క ఏడాది అంకె చూసి మురిసిపోకుండా నాలుగైదేళ్ళవి వరసగా చూడండి. చేరినవాళ్ళలో సకాలంలో బయటికి వచ్చినవాళ్ళెందరో కూడా చూడండి. మూడేళ్ళ కోర్సులో ఒక ఏడాది వెనకబడితే మిగిలిందనుకున్న ఏడాది అక్కడే పోతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఏడాది ఫీజు కలిసొస్తుందని కన్సల్టెన్సీవాళ్ళు చెబుతారు. మూడేళ్ళ మొత్తం ఫీజునూ నాలుగేళ్ళ మొత్తం ఫీజునూ కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. ఏడాదికి ఎక్కువ వసూలుచేసే చోట తేడా మీరు ఆశించినంత ఉండదు. ఇంటి అద్దె, తిండి ఖర్చు ఒక ఏడాది తగ్గడం, జీతం ముందుగా రావడం మాత్రం నిజమైన లాభమే. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, మామూలుగా 12 నెలలే. ఆ గడువు పొడిగించుకునే వీలున్న స్టెమ్ జాబితాలో ఆ కోర్సు ఉందో లేదో కళాశాలనే రాతపూర్వకంగా అడగండి. ఇల్లు తాకట్టు పెట్టి పంపుతున్నప్పుడు ‘ఫలానావాళ్ళబ్బాయి వెళ్ళాడు కదా’ అన్న ఒక్క కారణం చాలదమ్మా. వారానికి ఆరు రోజులు, వేసవి లేకుండా, మూడేళ్ళు ఆ బిడ్డ తట్టుకోగలదా అని ఆ బిడ్డనే కూర్చోబెట్టి అడగండి. కాదంటే కోప్పడకండి.

వెళ్ళేవాళ్ళయినా ఉండేవాళ్ళయినా ఈ నెలలోనే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదుచేసుకోండి. తర్వాత చూద్దామనుకుంటే సర్టిఫికెట్ల కోసం మళ్ళీ ఇంతదూరం తిరగాలి. దరఖాస్తు ఎలా నింపాలో తెలియనివాళ్ళు సభ అయ్యాక నా దగ్గరికి రండి, కూర్చుని నింపుదాం.