చలిసీమ ఎఱ్ఱవైను – తెలుగు నాలుక
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము వినగానే పెద్దలు కొందఱు ఆశ్చర్యపడి యుందురు. భాషా సంఘపు సభలో వైనును గూర్చిన ప్రసంగమేమి యని తోచుట సహజము. అందుచేత మొదటనే ఒక మాట మనవి చేయుచున్నాము. త్రాగుడును ప్రోత్సహించుట మా యుద్దేశము కాదు. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేవదీసిన ఉద్యమము తెలుగునాడంతయు వ్యాపించెను. ఆ తల్లుల దుఃఖమును మఱచి మాటాడువారము కాము. ఎంత కొంచెమైనను మద్యము ఆరోగ్యమునకు నిరపాయమని చెప్ప వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. త్రాగనివారు త్రాగకయే యుందురు గాక! మేము చెప్పదలచినది రుచిని గూర్చి. రుచిని చెప్పు మాటలను గూర్చి.

మా ప్రతిపాదన యిది. చలిసీమలలో పుట్టు ఎఱ్ఱవైను గుణములను వర్ణించుటకు కావలసిన మాటలు మన తెలుగులో ఏనాడో సిద్ధముగా ఉన్నవి. అవి నిఘంటువులో వెదకవలసినవి కావు, వంటయింటిలో ఉన్నవి. ఈ చెన్నపట్టణములో పెరుగుచున్న మన పిల్లల నోటినుండి ముందుగా జారిపోవుచున్నవియు ఆ మాటలే.

చలిసీమ యనగా నేమి? ఫ్రాన్సు దేశమున బర్గండీ యను ప్రాంతము కలదు. అది ఉత్తరమున 47వ అక్షాంశమునకు సమీపముననున్నది. మన చెన్నపట్టణము 13వ అక్షాంశమున నున్నది. బర్గండీలో శీతకాలమున ద్రాక్షతీగ ఆకు రాల్చి నిద్రించును, వసంతమున మేలుకొనును, ఏటికి ఒకే పంట. అచ్చటి ఎఱ్ఱవైనుకు వాడు ద్రాక్ష పేరు పీనో న్వార్. 1395లో ఆ సీమ నేలిన ఫిలిప్పు ప్రభువు గమే యను మఱియొక ద్రాక్షను పెఱికివేయుడని శాసనము చేసి పీనోకు ప్రాధాన్యమిచ్చెను. గమే విస్తారముగా కాయును. పీనో కొంచెమే కాయును, చలికిని తెగులుకును సులభముగా లొంగును. దిగుబడికన్న రుచి గొప్పదని ఒక ప్రభువు ఆరువందల ఏండ్లకు పూర్వమే తీర్పు చెప్పుట గమనింపదగినది. నేడు జర్మనీ, న్యూజీలాండు, టాస్మేనియా, అమెరికాలోని ఓరెగాన్ మొదలగు చల్లని ప్రాంతములందును ఈ ద్రాక్షను పెంచుచున్నారు.

చలి చేయు మేలేమో చూతము. ద్రాక్ష పండునపుడు రెండు మార్పులు జరుగును: తీపి పెరుగును, పులుపు తగ్గును. ద్రాక్షలోని పులుపులలో రెండు ముఖ్యమైనవి. ఒకటి ఆపిలు పండులో నుండు మాలిక్ ఆమ్లము. రెండవది టార్టారిక్ ఆమ్లము. ఇదియే మన చింతపండు పులుపు. పగళ్ళును రాత్రులును వేడిగా నున్నచో పండు శ్వాసించుచు మాలిక్ ఆమ్లమును త్వరగా ఖర్చుచేసికొనును. ఇంకొకవైపు తీపి మిక్కుటమగును. పులియునపుడు ఆ తీపియే ఆల్కహాలుగా మారును గనుక వేడిసీమ వైనులో ఆల్కహాలు నూటికి 14, 15 పాళ్ళ వఱకు పోవుచుండును. చలిసీమలో రాత్రులు చల్లగా నుండుటచేత పులుపు నిలిచియుండును. తీపి నెమ్మదిగా చేరును. తొక్కలోని పరిమళములు కుదురుకొనుటకు కాలము దొరకును. ఆల్కహాలు సాధారణముగా 12, 13 పాళ్ళ దగ్గఱ నిలుచును.

రంగును గూర్చియు ఒక మాట. నల్లద్రాక్షలలో చాలవాటి రసమునకు రంగు లేదు, రంగంతయు తొక్కలోనిదే. తొక్కతో కలిపి పులియబెట్టుటచేతనే వైను ఎఱ్ఱబడును. పీనో తొక్క పలుచనిది, రంగు తక్కువది. కావున ఆ వైను గాజుపాత్రలో దానిమ్మరసమువలె తేటగా నుండి ఆవలి వ్రేళ్ళు కనబడును. చిక్కనిదే గొప్పది యనుకొనువారు దానిని చూచి, నీళ్ళు కలిపిరేమో యని సందేహింతురు. మంచి చారును చూచి పప్పుచాలలేదని చెప్పుట ఎట్టిదో అదియు అట్టిదే.

చారు ప్రస్తావన వచ్చినది గనుక అచ్చటనే కొంతసేపు నిలుతము. మన మిరియాలచారులో ఏమున్నది? చింతపండు పులుపు, మిరియపు ఘాటు, తేటదనము, తలయెత్తి చూచునట్లు చేయు పరిమళము. చిక్కదనమునకు అచ్చట పని లేదు. చింతపండు పులుపును ద్రాక్ష పులుపును ఒకే ఆమ్లమని ఇంతకు ముందే చెప్పితిమి. మిరియము మాటయు అట్టిదే. ఫ్రాన్సులోని రోన్ నది ఉత్తరపు లోయలో సిరా యను ద్రాక్ష పండును; ఆస్ట్రేలియావారు దానినే షిరాజ్ అందురు. చల్లని తావులలో పండిన సిరా వైను మిరియాల వాసన కొట్టును. చాలకాలము దీనిని కవుల అతిశయోక్తి యనుకొనిరి. 2008లో ఆస్ట్రేలియా వైను పరిశోధన సంస్థవారు దాని కారణమును కనుగొని ప్రకటించిరి. ఆ పదార్థము పేరు రొటండోన్. మిరియములకు మిరియపు వాసన నిచ్చునదియు అదియే. లీటరు ఎఱ్ఱవైనులో 16 నానోగ్రాములున్నను ముక్కు పసిగట్టగలదు. నానోగ్రామనగా గ్రాములో నూఱుకోట్లవ వంతు. అయినను పరీక్షకు కూర్చున్నవారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి, ఎంతో హెచ్చుగా కలిపినను, ఆ వాసన తెలియలేదు. వేడి తోటలలో ఈ పదార్థము తగ్గును. చల్లని తోటలలో హెచ్చును. ఇంత చెప్పిన పిమ్మట, మిరియాలచారు రుచి యెఱిగిన తెలుగువాని నాలుకకు చలిసీమ ఎఱ్ఱవైను పరాయిది యని ఎవరనగలరు?

మూడవ గుణము వగరు. ద్రాక్ష తొక్కలోను గింజలోను టానిన్ అను పదార్థము కలదు. అది ఉమ్మిలోని జిగురును పట్టి నోటిని బిగించును. ఈ బిగింపును మనము వగరు అందుము. పచ్చి వక్క, లేత ఉసిరి, పాలు కలుపని టీ డికాక్షను – అన్నింటను ఉన్నది ఆ బిగింపే. ఆషాఢ శ్రావణములలో చెన్నపట్టణపు వీథులలో బండ్లపై రాసులు పోసి అమ్ము నేరేడుపండును తలచుకొనుడు. నాలుక ఊదారంగు పట్టుట, మొదట తీపి, వెంటనే పులుపు, చివర వగరు! ఎఱ్ఱవైను నడకయు అదే వరుస. అయితే వేడిసీమ వైనులో వగరు మొద్దుగా నుండవచ్చును. మంచి పీనోలో అది పట్టువస్త్రము చెంపకు తగిలినంత మెత్తగా నుండును.

చలిసీమకు దోషము లేదని మేమనుట లేదు. ఎండ చాలని సంవత్సరమున పండు పండక పచ్చిగా నిలుచును. అప్పుడు వైనులో పసరువాసన వచ్చును. కాబర్నే జాతి ద్రాక్షలలో దీనికి కారణమైన పదార్థము క్యాప్సికం అను పెద్దమిరపకాయలో నుండునదే. పసరు అను చిన్నమాట ఎంత పని చేయుచున్నదో చూడుడు! ఆకు నలిపినపుడు వచ్చు వాసన, పండని కాయ రుచి, రెండును అందులోనే యిమిడియున్నవి. చలిసీమ రైతు బ్రతుకంతయు పులుపునకును పసరునకును నడుమ సన్నని గట్టుపై నడక. ఆ గట్టు దాటని సంవత్సరపు వైనుకే విలువ. దాని ఆకర్షణ రహస్యము కూడ ఇదియే: అది మీదపడి మాటాడదు, భోజనమునకు తోడు నిలుచును, రెండవ గుటకకు మొగము మొత్తదు.

మన దక్షిణదేశమున ఇట్టిది సాధ్యమా? 1832 ప్రాంతమున క్రైస్తవ మిషనరీలు సేలము, మధుర జిల్లాలకు ద్రాక్షను తెచ్చిరి. నేడు తేని జిల్లాలోని కంబం లోయలో పండు పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ లోయలో తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నున్నవి. అచ్చట చలి లేదు గనుక తీగకు నిద్ర లేదు. కత్తిరింపుల నేర్పుచే రెండేండ్లకు అయిదు పంటలు తీయుదురు. తినుటకు అది కమ్మని పండు. కాని మనము చెప్పుకొన్న చలిసీమ గుణములను దానినుండి ఆశింపరాదు.

అక్షాంశము ఈయని చలిని కొంతవఱకు ఎత్తు ఈయగలదు. వేయి మీటర్లు ఎక్కినచో సుమారు ఆఱు డిగ్రీలు వేడి తగ్గును. కర్ణాటకమున, కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాల తెలుగు పలుకు వినబడు సీమను ఆనుకొని నందికొండ యున్నది. దాని శిఖరము 1478 మీటర్లు. ఆ కొండ దిగువ, సుమారు 900 మీటర్ల ఎత్తున, కన్వల్ గ్రోవర్ ఫ్రెంచి ద్రాక్షజాతులను నాటించి 1988లో సంస్థను స్థాపించిరి. 1992లో మొదటి వైను వెలువడినది. అచ్చట పండు చలికాలపు రాత్రులలో ఎదిగి, ఎండలు ముదురక ముందే కోతకు వచ్చునట్లు కత్తిరింతురు. నంది బర్గండీ కాదు, కానక్కఱలేదు. అయినను చలి యొక్క విలువ నెఱిగి, దానిని కొండ యెత్తునుండియు ఋతువునుండియు సంపాదించుకొనుట మెచ్చదగిన యుపాయము.

చెన్నపట్టణపు వేడియు వైను చరిత్రలో తన పాత్ర వహించినది. సెయింట్ జార్జి కోటలోని ఇంగ్లీషు వర్తకులకు మదీరా దీవి వైను ఇష్టమైనది. ఓడలో వేడికి ఇతర వైనులు చెడిపోవుచుండగా అది మఱింత బాగుపడుచుండెను. 1842లో సముద్రతీరమున ఐస్‌హౌసు కట్టిరి. అమెరికాలో గడ్డకట్టిన చెఱువుల మంచును కోసి ఓడలపై తెచ్చి అందు నిలువచేసిరి. 1897లో వివేకానందస్వామి బస చేసిన భవనము అదియే. నేటికిని ఎఱ్ఱవైనును గది వేడిమిలో త్రాగవలెనని పుస్తకములు చూచి చెప్పువారు కలరు. ఆ మాట యూరపు గదులకు చెల్లును. 35 డిగ్రీల మన గదిలో పీనో పరిమళము ఆవిరియై, మిగిలిన ఆల్కహాలు మంట మాత్రము తెలియును. దానికి తగినది 13 మొదలు 16 డిగ్రీల చల్లదనము. పరదేశపు నియమమును వాడునపుడు అది పుట్టిన తావునుగూడ ఎఱుగవలెనని దీనివలన తెలియుచున్నది.

ఆ చలిసీమయు ఇపుడు క్షేమముగా లేదు. బర్గండీలోని బోన్ పట్టణమున 1354 నుండి 2018 వఱకు ద్రాక్షకోత దినములను కూర్చి పరిశోధకులు 2019లో ప్రకటించిరి. 1988 మొదలు కోత, అంతకు పూర్వపు దీర్ఘకాలిక సగటుకన్న సుమారు 13 దినములు ముందుగా వచ్చుచున్నది. తీపి పెరిగి పులుపు తగ్గుచుండ, ఏ గుణములకై లోకము దానిని మెచ్చినదో ఆ గుణములే సన్నగిల్లునేమో యని రైతులు చింతించుచున్నారు. ఉన్న తావుననే యుండియు స్వభావము మారిపోవుట వారి కష్టము. తావు మారినను స్వభావము నిలుపుకొనుట మన బాధ్యత.

ఇక తుదిమాట. 2006 నాటి చట్టముచే ఈ రాష్ట్రపు బడులలో తమిళము తప్పక నేర్వవలసిన భాషయైనది. తమిళము నేర్చుట మనకు మేలే. మనము ఈ నేల నీరు త్రాగి బ్రతుకుచున్నవారము. తెలుగు బడికై చేయవలసిన విన్నపములు చేయుచునే యుందము. కాని వగరు, పసరు, ఘాటు, తేట, కమ్మదనము – ఈ మాటలను ఏ బడియు నేర్పలేదు. ఏ ప్రభుత్వమును ఆపలేదు. ఇవి విస్తరి దగ్గఱ నేర్వవలసినవి. చారును రసమని పిలిచినంత మాత్రమున రుచి మారదు. కాని ఆ గిన్నెలోని పులుపును, ఘాటును, వగరును వేఱువేఱుగా చెప్పలేని పిల్లవానికి అన్నియు ‘బాగున్నది’, ‘బాగులేదు’ అను రెండు మాటలలో అణగిపోవును. మాట పోయిన చోట రుచి మొద్దువారును.

కనుక ఈ సభవారిని మేము కోరునది స్వల్పము. వచ్చు ఉగాదినాడు పచ్చడి చేతిలో పెట్టి, ‘ఇందులో ఏమేమి రుచులున్నవో తెలుగులో చెప్పుము’ అని ప్రతి యింట పిల్లలను అడుగుడు. మామిడిపిందె వగరును వగరని చెప్పగలిగిన పిల్లవాడు, రేపు ఏ దేశమునకు పోయినను, అచ్చటి పండును, పానీయమును, వంటకమును తన భాషలో తూచి చెప్పగలడు. బర్గండీ పీనోయైనను సరే, దానికి తెలుగులో మాట కొఱవడదు.