వెలివేత – విద్యార్థి ధర్మము



వెలి యనిన నేమో పల్లెకు చెప్పనక్కరలేదు. నిప్పు, నీళ్లు పుట్టకుండ చేయుటయే వెలి. దేశముల నడుమను ఇది కలదు. కొరియా యుద్ధ మాగిన పిమ్మట, 1953 ఆగస్టులో, అచ్చటి శాంతిని గూర్చిన సమావేశమునకు భారతదేశమును పిలువవలెనా యని ఐక్యరాజ్యసమితి రాజకీయ సంఘమున ఓట్లు తీసిరి. అనుకూలము 27, ప్రతికూలము 21, తటస్థము 11. మహాసభలో వలయు మూడింట రెండు వంతుల బలము కుదరదని తేలగా భారతదేశము తప్పుకొనెను. కాని అలిగి కూర్చుండలేదు. స్వదేశమునకు మరల నొల్లని 22 వేలకు పైబడిన యుద్ధఖైదీలను, జనరల్ తిమ్మయ్యగారి అధ్యక్షతన నేర్పడిన తటస్థ సంఘము పక్షమున, భారత సైనికులే కాపాడిరి. పీట దక్కకున్నను బాధ్యతను విడువలేదు.

హైదరాబాదు విద్యార్థులకును వెలి తప్పలేదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున వందేమాతరము పాడిన విద్యార్థులు బహిష్కృతులైరి. నాగపూరు విశ్వవిద్యాలయము వారికి తలుపు తెరచెను. వారు చదువు మానలేదు.

నేడు నాంపల్లి స్టేషనులో దిగి, ఆదివారము ఆబిడ్సు కాలిబాటపై పాతపుస్తకములు వెదకుకొను పల్లెబిడ్డకు ఈ రెండును పాఠములే. తన్ను వెలిగా చూచినపుడు పని మానరాదు. వసతిగృహపు పంక్తిలో కులమును బట్టియో, యాసను బట్టియో ఒకరిని దూర ముంచినపుడు, లేచి వారి ప్రక్కన కూర్చుండవలెను. ఆ నడవడికి తొలి బడి గ్రంథాలయము. ఇచ్చటి బల్లచుట్టు ఎవ్వరికిని వెలి లేదు.