వెలుగు చీకటుల ప్రవక్త మానీ



ఈ టెల్కో కాలనీ వెలసిన నగరమునకు 1919లో జంషెడ్జీ టాటా పేరిట జంషెడ్‌పూరు అను నామము కలిగినది. ఆయన వంశీయుల జరతుష్ట్ర మతము పుట్టిన ఇరానులోనే, ఆ మతము రాజాదరణ పొందుచున్న దినములలో, మానీ అను మరియొక ప్రవక్త తన మతమును ప్రచారము చేసెను.

క్రీ.శ. 216లో బాబిలోనియాలో జన్మించిన మానీ, వెలుగు, చీకటి అనాదిగా వేర్వేరు తత్త్వములనియు, వాని కలయికచే ఈ లోకమేర్పడెననియు, జీవులలో చిక్కిన వెలుగును విడిపించుటయే ముక్తియనియు బోధించెను. ఆయన శిష్యులలో సన్న్యాసులు మాంసమును, మద్యమును విసర్జించిరి. గృహస్థులు వారికి భోజనమిడిరి. మానీ భారతదేశమునకును పయనించెను. బుద్ధుని, జరతుష్ట్రను, క్రీస్తును పూర్వాచార్యులుగా నంగీకరించెను. ఆ శతాబ్దముననే మన కృష్ణాతీరమున ఇక్ష్వాకుల యేలుబడిలో నాగార్జునకొండ విహారములు విలసిల్లుచుండెను.

పూర్వగురువులు స్వయముగా వ్రాయకపోవుటచే వారి బోధలు మారిపోయెనని తలచి, మానీ తన గ్రంథములను తానే రచించెను. మొదటి షాపూరు చక్రవర్తి ఆయనను ఆదరించెను. తరువాత మొదటి బహ్రాము చెరబెట్టగా కారాగారముననే మరణించెను. కాలక్రమమున గ్రంథములును నశించెను. శతాబ్దుల తరబడి లోకము మానీని ప్రత్యర్థుల ఖండనల ద్వారానే యెరిగినది. 20వ శతాబ్దమున తుర్ఫాను శిథిలములలోను, ఈజిప్టులోను లభించిన వ్రాతప్రతులు ఆయన అనుయాయుల వాక్కును మరల వినిపించినవి.

పరమతమును ఆ మతస్థుల నోటనే వినవలెను. నానామతస్థులు ఇరుగుపొరుగున వసించు ఈ కాలనీలో అట్టి వివేకము నిత్యావసరము.