లాక్‌డౌన్ రోజులు - మన పిల్లల దిగులు
(ఆసుపత్రిలో జరిగిన తల్లుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను బి.పి., షుగరుల గురించి చెప్పబోవడం లేదు. పిల్లలకు వచ్చే డిప్రెషన్ గురించి చెప్తాను. పుస్తకాల్లో దీన్ని కుంగుబాటు అని రాస్తారు, మన ఇళ్ళలో దిగులు అంటాం. "వేళకి అన్నం పెడుతున్నాం, ఫీజులు కడుతున్నాం, పిల్లలకు దిగులేంటి సిస్టర్?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు 2020వ సంవత్సరాన్ని ఒకసారి గుర్తు చేస్తాను.

2020 మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. బడులు అంతకు కొద్ది రోజుల ముందే మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది, పది తరగతుల పిల్లలు 2020 నవంబరులో మళ్ళీ బడికి వెళ్ళారు. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న వెళ్ళారు. అంతలో రెండో వేవ్ వచ్చి మళ్ళీ తాళాలు పడ్డాయి. చిన్న తరగతుల వాళ్ళు ఇంకా ఎక్కువ కాలం ఇంట్లోనే ఉన్నారు. మనకు ఏడాదిన్నర ఇట్టే గడిచిపోతుంది. పదేళ్ళ పిల్లవాడికి అది చాలా పెద్ద కాలం.

బడి అంటే పాఠాలు ఒక్కటే కాదు గదా! మధ్యాహ్న భోజనం అక్కడే, ఆట అక్కడే, మనసులో మాట చెప్పుకునే స్నేహితురాలు అక్కడే. నాన్న తాగి వచ్చే ఇంట్లో పిల్లకు బడే విశ్రాంతి. పాఠాలు టీవీలోనూ ఫోనులోనూ వచ్చాయి, నిజమే. కానీ ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను ఉన్న ఇంట్లో అది ఎవరి చేతికి వచ్చిందో మీకే తెలుసు. చాలాచోట్ల ఆడపిల్ల చేతికి చీపురు వచ్చింది. కొందరికి ఆ సెలవుల్లోనే పెళ్ళిళ్ళు కూడా చేసేశారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. ఎత్తుకుని పెంచిన తాతయ్య అంబులెన్సులో వెళ్ళాడు, తిరిగి రాలేదు. శవాన్ని ఇంటికి తేలేదు. పిల్లలను సమాధి దగ్గరకు తీసుకువెళ్ళలేదు. పెద్దవాళ్ళు ఆ మాట ఎత్తడమే మానేశారు. పిల్లవాడు ఏడవలేదు కాబట్టి మరచిపోయాడనుకున్నారు. దుఃఖం వెళ్ళబోసుకోవడానికి పెద్దవాళ్ళకు నలుగురు ఉంటారు. పిల్లవాడికి ఎవరున్నారు?

ఇది మన ఊరి సంగతే కాదు. అనేక దేశాల్లో జరిగిన 29 అధ్యయనాలను కలిపి, సుమారు 80 వేల మంది పిల్లల వివరాలతో 2021లో ఒక పరిశీలన వెలువడింది. దాని ప్రకారం ప్రతి నలుగురిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు, ఐదుగురిలో ఒకరికి ఆందోళన లక్షణాలు ఉన్నాయి. లక్షణాలు ఉన్న ప్రతివాళ్ళకూ జబ్బు ఉన్నట్లు కాదు. బడులు తెరిచాక చాలామంది తేరుకున్నారు కూడా. తేరుకోని వాళ్ళ కోసమే ఈ మాటలు. అప్పుడు నాలుగు, ఐదు తరగతుల్లో ఉన్నవాళ్ళు ఇప్పుడు పది, ఇంటరు పిల్లలు.

మరి ఎలా గుర్తుపట్టాలి? పిల్లలు "నాకు దిగులుగా ఉంది" అని చెప్పరు. చిరాకు పడతారు, తలుపు ధడేలున వేస్తారు, తమ్ముణ్ణి కొడతారు. మనం దానికి పొగరు అని పేరు పెడతాం. చిన్నపిల్లలైతే కడుపునొప్పి, తలనొప్పి అంటారు. రక్త పరీక్ష చేయిస్తాం, స్కాన్ తీయిస్తాం, అన్నీ బాగానే ఉంటాయి. అప్పుడు "దొంగ నొప్పి" అని తిడతాం. ఆ నొప్పి దొంగది కాదమ్మా, నిజంగానే నొస్తుంది. ఇష్టమైన ఆట మానేయడం, స్నేహితులను తప్పించుకోవడం, తెల్లవార్లూ మేలుకుని పగలు పడుకోవడం, అన్నం తగ్గడం లేక మరీ ఎక్కువ తినడం, మార్కులు ఒక్కసారిగా పడిపోవడం, "నేను ఎందుకూ పనికిరాను" అనడం - ఇలాంటివి కొన్ని కలిసి రెండు వారాలకు మించి దాదాపు ప్రతి రోజూ ఉంటే డాక్టరుకు చూపించాలి.

ఫోనే దీనికంతా కారణం అనేవాళ్ళతో నేను పూర్తిగా ఏకీభవించను. కొందరు పిల్లలు దిగులును మరచిపోవడానికే ఫోనులో తల దూర్చుతారు. దాన్ని ఒక్కసారిగా లాక్కుంటే ఇంట్లో యుద్ధమే. ముందు రాత్రి నిద్ర వేళకు ఫోను మన గదిలో పెట్టించండి. నిద్ర సరిపడితే సగం మనిషి అవుతాడు. పగలు ఏదైనా పని చేస్తూ పక్కన కూర్చుని మాట కదపండి. చిక్కుడుకాయలు వలుస్తూ వచ్చే మాటలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రావు. పక్కింటి పిల్లతో పోలిక మాత్రం వద్దు.

"చచ్చిపోవాలనిపిస్తోంది" అని పిల్లలు అంటే బెదిరింపు అని కొట్టిపారేయకండి. మీకు అనుమానం వస్తే మీరే నెమ్మదిగా అడగండి, "నీకు చనిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటపడుతుంది. అవునంటే అరవకండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తీసుకురండి. చేను ఉన్నవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. పురుగుమందు డబ్బా పశువుల పాకలోనో మంచం కిందనో ఉంచవద్దు. పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. మాత్రలు కూడా అంతే. ఆ గడియ దాటిందంటే చాలామంది పిల్లలు బ్రతుకుతారు.

"గాలి సోకింది" అని తాయెత్తులకు తిప్పేవాళ్ళూ, ప్రార్థన ఒక్కటే చాలు అనేవాళ్ళూ మన మధ్య ఉన్నారు. ప్రార్థించండి, నేనూ ప్రార్థిస్తాను. ఎముక విరిగితే ప్రార్థించి కట్టు కట్టించుకుంటాం గదా, ఇదీ అంతే.

వైద్యం అనగానే మత్తుబిళ్ళలు అని భయపడవద్దు. తక్కువ స్థాయిలో ఉంటే కౌన్సెలింగ్, నిద్ర, ఆటపాటలతోనే చాలావరకు తగ్గుతుంది. ఎక్కువగా ఉంటే డాక్టరుగారు మందు రాస్తారు. అది మత్తుమందు కాదు, అలవాటు పడిపోయేదీ కాదు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లో పిల్లవాడిని మరింత కనిపెట్టుకుని ఉండాలి, కంగారుగా కనిపించినా చావు మాట ఎత్తినా వెంటనే చెప్పాలి. బాగుపడ్డాడని మీ అంతట మీరే ఆపేయవద్దు.

ఇక్కడికి రాలేనివాళ్ళు 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలు స్వయంగా చేసినా మాట్లాడతారు, కనుక ఆ నంబరు మీ ఫోనుతో పాటు వాళ్ళ పుస్తకం అట్ట మీద కూడా రాయించండి.